ఆరవ రేవు

విహారనౌక నెక్కినవానికి సముద్రము కంటె గట్టు మీదనే మక్కువ యెక్కువ. వినుటకు ఇది వింతగా నుండవచ్చును. కడలిని చూచుటకే సొమ్ము వెచ్చించి బయలుదేరినవాడు మూడవనాటికే ఆ నీలిమను చూచి చూచి విసిగి, "రేపు ఏ రేవు? ఎన్ని గంటలకు దిగనిత్తురు? ఎన్ని గంటలకు మరల ఎక్కవలెను?" అని ప్రక్కవారిని అడుగుట మొదలిడును. ఆ ప్రశ్నలకు సమాధానముగా ఓడవారు ముందునాటి రాత్రియే గదిగదికి నొక పత్రమును పంపుదురు. రేవు పేరు, గట్టున ఎండవానల సంగతి, చూడదగిన తావులు, బస్సులు కదలు వేళలు అందుండును. అన్నిటికంటె ముఖ్యముగా చూచుకొనవలసినది మరల ఓడ నెక్కవలసిన కడపటి గడియ.

తెల్లవారుజామున రేవునకు చెందిన పైలటు చిన్న పడవలో వచ్చి, త్రాటినిచ్చెన ప్రాకి ఓడ నెక్కును. ఎంత అనుభవశాలియైన కెప్టెనైనను పరాయి రేవులో ఆతని సలహా వినియే నడువవలెను. టగ్గులు నెట్టగా, ఆ తెల్లని మేడ మెల్లమెల్లగా గట్టు నానుకొనును. మోకులు బిగించి, వంతెన దింపి, రేవు అధికారులు కాగితములు చూచి తల యూపిన పిదప గాని ఒక్క మనిషి దిగుటకు వీలులేదు. అటుపిమ్మట ప్రయాణికులు బారులు తీరి వచ్చి, తమ కార్డులను యంత్రమునకు చూపి దిగిపోవుదురు. ఎవరు దిగిరో, ఎవరు మరల ఎక్కిరో ఆ యంత్రము లెక్క వ్రాసికొనును.

గేటు వెలుపల ఆనాడు పెండ్లివారి విడిదివంటి సందడి. పేర్లు వ్రాసిన అట్టలు పట్టుకొన్న గైడులు, బేరములాడు టాక్సీవారు, చేతిగుడ్డలును పూసలదండలును అమ్ము స్త్రీలు అందరు ఆ ఒక్క పగటికొరకే కాచుకొని యుందురు. చూచువాడు నాలుగు తావులు చూచును. అమ్మువాడు నాలుగు రాళ్లు వెనుకవేయును. పొద్దు వాలునప్పటికి పొట్లములు చంకబెట్టి అందరు తిరిగివత్తురు. ఓడవారు ఏర్పరచిన బస్సు ఆలస్యమైనచో ఓడ నిలుచును. సొంతముగా పోయి ఆలస్యము చేసినవానికొరకు నిలువదు. వాడు తన ఖర్చులతో తరువాతి రేవునకు పోయి దాని నందుకొనవలసినదే.

ఓడలో పనిచేయువారికి రేవు వేరొక విధముగా కనబడును. వంటశాలలో గిన్నెలు తోమువారికి, గదులు సర్దువారికి, బట్టలు ఉతుకువారికి రెండు పనుల నడుమ రెండు మూడు గంటల తీరిక చిక్కును. వారు కోటలును కొండలును చూడబోరు. గేటు ప్రక్కనే ఫోనుకు సదుపాయమున్న అంగడి నొకదానిని వెదకికొని, ఇంటివారితో మాటలాడి, జీతములో కొంత ఇంటికి పంపి, ఒక కాఫీ త్రాగి తిరిగి ఓడ నెక్కుదురు. ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, భారతదేశముల నుండి వచ్చినవారు ఈ పనులలో చాల మంది కలరు. ప్రయాణికునికి వేడుకయైన ఆ పగలు వారికి ఇంటి గొంతు వినబడు పగలు.

ఈ ఏర్పాటంతయు ఒక్క నమ్మకము మీద నడచును. దిగినవారు తమకు కీడు తేరని రేవువారును, రేవువారు తమకు కీడు చేయరని దిగినవారును తలతురు. ఆ నమ్మకము చాలకాలము ఎవరి కంటికిని కనబడలేదు. 2020వ సంవత్సరము జనవరి, ఫిబ్రవరి నెలలలో అది తెగిపోవుట చేత లోకమునకు కనబడినది.

కీలుంగ్ పగలు

తైవాను ద్వీపమునకు ఉత్తరపు కొనను కీలుంగ్ అను రేవు కలదు. వానలకు పేరుపడిన ఊరు. రాజధానియైన తైపేకు అది సముద్రద్వారము. 2020 జనవరి 31వ తేదీన 'డైమండ్ ప్రిన్సెస్' అను పెద్ద విహారనౌక ఆ రేవున నిలిచెను. ఆ నెల 20వ తేదీన జపానులోని యొకొహామా నుండి బయలుదేరిన ఆ నౌక కగోషిమా, హాంకాంగు, వియత్నాము రేవులను చూచుకొని వచ్చినది. ఆనాడు దాదాపు 3,000 మంది ప్రయాణికులు గట్టుకు దిగిరి. కొందరు జియుఫెన్ కొండవీధులలో తేనీరు త్రాగిరి. కొందరు తైపేలోని 101 అంతస్తుల సౌధమును చూడబోయిరి. బస్సులెక్కిరి, అంగళ్లలో తిరిగిరి, సాయంకాలమునకు తిరిగివచ్చిరి. చూచినవారి కెవ్వరికిని అందు విశేష మేమియు కనబడలేదు.

మరునాడు, ఫిబ్రవరి 1వ తేదీన, ఒక వార్త బయటపడినది. అదే ఓడలో యొకొహామాలో ఎక్కి జనవరి 25వ తేదీననే హాంకాంగులో దిగిపోయిన వృద్ధు డొకనికి కొత్తరోగము సోకినట్లు తేలెను. చైనాలోని వూహాను పట్టణమునుండి వ్యాపించుచున్న ఆ జ్వరమునకు అప్పటి కింకను స్థిరమైన పేరు లేదు. ఓడ తన కార్యక్రమమును కుదించుకొని 3వ తేదీ రాత్రి యొకొహామా చేరెను. 5వ తేదీన పదిమందికి రోగమున్నట్లు తెలియగా, ప్రయాణికు లందరిని గదులు దాటి రావలదని శాసించిరి. ఓడలో నున్న వారు 3,711 మంది. తుదకు వారిలో 712 మందికి రోగము సోకినట్లు లెక్క తేలినది. పదిమందికి పైగా మరణించిరి.

అప్పుడు తైవాను అధికారులకు జనవరి 31వ తేదీ జ్ఞప్తికి వచ్చెను. ఆ మూడువేల మంది ఎక్కడెక్కడ తిరిగిరి? ఎవరెవరి ప్రక్కను నిలిచిరి? వారు చేసిన పని విన్నవా రాశ్చర్యపడిరి. ప్రయాణికులను త్రిప్పిన బస్సుల జాడలు, అంగళ్లలో కార్డులతో చెల్లించిన సొమ్ముల చిట్టాలు, వీధులలోని కెమెరాల బొమ్మలు, సెల్‌ఫోను స్తంభముల గుర్తులు ఇవన్నియు జోడించి ఆ పగటిని మరల కూర్చిరి. ప్రయాణికులు తిరిగిన సుమారు 50 తావులను పటముగా గీసి ప్రజలకు చూపిరి. ఆ తావులలో ఆ వేళలలో నుండిన 6,27,386 మందికి ఫిబ్రవరి 7వ తేదీన సెల్‌ఫోనులకు హెచ్చరిక పంపిరి. ఒంటిలో నలతగా నున్నచో వైద్యునికి చూపుకొనుడని, కొన్నాళ్లు జాగ్రత్తగా నుండుడని దాని సారాంశము. రోగలక్షణములు కనబడి పరీక్షలు చేయించుకొన్నవారు ఆ నెలాఖరునకు 67 మంది. వారిలో ఒక్కరికిని ఈ రోగము లేదు.

మూడువేల మంది ఒక్క పగలు గట్టున తిరిగినందుకు ఆరు లక్షల పైచిలుకు జనులు కొన్నాళ్లు తమ ఒంటిని తాము కనిపెట్టుకొని యుండవలసి వచ్చినది. రేవుపగటికి టిక్కెట్టు వెలలో చేరని ధర యొకటి కలదని, దానిని చెల్లించువారు గట్టుమీదివారని కీలుంగ్ తెలిపినది. ఆ ఓడలో చిక్కుకొన్న భారతీయులు 138 మంది. వారిలో 132 మంది పనివారే. గదులలో మూతపడిన ప్రయాణికుల తలుపులకు మూడు పూటల భోజనము మోసినవారు వీరు, వీరి తోటివారు. రోగము సోకని 119 మంది భారతీయులను ఫిబ్రవరి 27వ తేదీన విమానములో ఢిల్లీకి తెచ్చిరి. సోకినవారు జపానులోనే చికిత్సకు నిలిచిరి.

ఐదు తలుపులు

డైమండ్ ప్రిన్సెస్ గోల యెత్తుకొనక మునుపే మరియొక విహారనౌక అదే సముద్రములో బయలుదేరి యుండెను. దాని పేరు 'వెస్టర్‌డామ్'. ఫిబ్రవరి 1వ తేదీన హాంకాంగు విడిచి, తైవాను, జపాను రేవులను చూచి, 15వ తేదీన యొకొహామాలో యాత్ర ముగించుట దాని కార్యక్రమము. అందు 1,455 మంది ప్రయాణికులును, 802 మంది సిబ్బందియు నుండిరి. ప్రయాణికులలో అమెరికనులు హెచ్చు. వయసు మీరినవారు, ఉద్యోగములు విరమించినవారు, పెండ్లినాటి జ్ఞాపకమును పండుగ చేసికొనబోవువారు ఇట్టి యాత్రలలో ఎప్పుడును కలరు.

ఆ ఓడలో రోగము లేదు. కాని ఓడ హాంకాంగు నుండి వచ్చినది. ఆ రోజులలో అంతమాత్రమే చాలినది. ఫిలిప్పీన్స్ వారు వలదనిరి. తైవాను దక్షిణపు రేవైన కావోసియుంగ్‌లో ఫిబ్రవరి 4వ తేదీన ఓడ నిలిచెను గాని, రెండు నాళ్లలో తైవాను సమస్త విహారనౌకలకును రేవులు మూసివేసెను. జపాను కూడ తలుపు వేసెను. పసిఫికు సముద్రములో అమెరికా పాలనలోని గ్వామ్ ద్వీపమును అడిగిరి. ప్రయాణికులలో పెక్కుమంది ఆ దేశపు పౌరులే యైనను, మా దీవి చిన్నది, మా వైద్యవసతి చిన్నది, మా జనమును కాపాడుకొనుట మొదటి విధి యని గ్వామ్ చెప్పెను. తన యింటి గడపయే తనను లోనికి రానీయని దశ యిది.

ఫిబ్రవరి 10వ తేదీన ఓడలో ఆనందధ్వానములు చెలరేగెను. థాయిలాండులోని లేమ్ చబాంగ్ రేవున 13వ తేదీన దిగనిత్తురని ఓడవారు ప్రకటించిరి. అందరు పెట్టెలు సర్దుకొని, విమానపు టిక్కెట్లు కొనుక్కొనిరి. మరునాడే థాయి ఆరోగ్యమంత్రి కాదనెను. తిండి, నూనె, మందులు కావలసినచో ఇత్తుము, దిగుట మాత్రము కుదరదనెను. కొత్తరోగమునకు కోవిడ్-19 అను పేరు పెట్టినదియు ఆనాడే. ఓడ ముఖము త్రిప్పగా, థాయి యుద్ధనౌక యొకటి కొంతదూరము దాని వెంట నడచెను. సాగనంపుటకు కాదు, తిరిగి రాకుండుటకు.

ఈ ఐదు రేవులను తిట్టుట సులభము. కాని నిదానించి చూచినచో ఒక్కటియు తప్పు మాట చెప్పలేదు. కీలుంగ్‌లో ఒక్క పగలు చేసిన పని యెట్టిదో తైవాను చూచియే యుండెను. యొకొహామాలో నాడునాటికి పెరుగుచున్న రోగుల లెక్కను జపాను చూచుచుండెను. ఊరి పెద్ద యైనవాడు ఊరివారికి ముందుగా జవాబు చెప్పవలెను. చిక్కంతయు నెక్కడ ననగా, ఐదుగురు పెద్దలును తమ తమ ఊళ్లకు న్యాయమే చేసిరి. ఐదు న్యాయములు కలసి రెండువేల పైచిలుకు మనుష్యులకు కాలూన చోటు లేకుండ చేసినవి.

ఓడలో మాత్రము జీవనము ఎప్పటివలెనే సాగెను. భోజనములకు కొరత లేదు. ఆటపాటలు ఆగలేదు. ఇంటివారితో మాటలాడుటకు ఫోనును, ఇంటర్నెట్టును ఉచితముగా నిచ్చిరి. యాత్రకై చెల్లించిన సొమ్మంతయు తిరిగి యిత్తుమని, మరియొక యాత్ర కూడ ఊరకనే చేయింతుమని ఓడవారు చెప్పిరి. అందరి ఒంటివేడిమిని కొలిచి చూచిరి, జ్వరమున్నవారు లేరు. అయినను కిటికీ దగ్గర నిలిచి, దూరమున మినుకుమినుకుమను ఊళ్ల దీపములు దాటిపోవుచుండగా చూచుట ఎట్టి భోజనమునకును తీరని ఆకలి. పదిమంది తినుచున్న పంక్తినుండి లేవగొట్టబడిన అతిథికి గాని ఆ బాధ తెలియదు.

సిహనూక్‌విల్

ఫిబ్రవరి 12వ తేదీన కంబోడియా రమ్మనెను. 13వ తేదీ ఉదయమున వెస్టర్‌డామ్ సిహనూక్‌విల్ దరిదాపునకు వచ్చి, ఆనాడే రేవు చేరెను.

చదువరులకు ఈ రేవు కథ కొంత తెలియుట మంచిది. కంబోడియా 1953లో స్వతంత్రమైనప్పుడు దానికి సముద్రపు ఓడలు నిలుచు రేవు లేదు. సరకులు మెకాంగు నదిమీదుగా, వియత్నాము గుండ పోవలసియుండెను. ఇతరుల గడప దాటనిదే బయటికి పోలేని ఇల్లెంత కాలము స్వతంత్రము? నొరొదమ్ సిహనూక్ దానిని గ్రహించి, థాయిలాండు సింధుశాఖ ఒడ్డున, కంపోంగ్ సోమ్ అను పల్లె దగ్గర కొత్త రేవును కట్టించెను. రేవునకు ఫ్రెంచివారు తోడ్పడిరి. అక్కడినుండి రాజధానియైన ప్నాంపెన్‌కు సుమారు 230 కిలోమీటర్ల రోడ్డును అమెరికావారు వేయించిరి. 1960లో రేవు పనిచేయ మొదలిడినది. దానికి ఆయన పేరే వచ్చినది.

పదునైదేండ్లు గడచునప్పటికి ఆ తీరము వేరొక రూపు దాల్చెను. 1975 మే నెలలో, ఖ్మేర్ రూజ్ దళములు దేశమును పట్టుకొన్న కొలదినాళ్లకే, 'మాయగ్వేజ్' అను అమెరికా సరకునౌకను ఆ సముద్రములో చిక్కించుకొనిరి. దాని నావికులను కంపోంగ్ సోమ్ తీరమునకు తీసికొనిపోయిరి. నావికులు ప్రాణములతో విడుదలైరి గాని, వారిని విడిపింప వచ్చిన అమెరికా సైనికులలో 41 మంది మరణించిరి. ఆ తీరమున అమెరికనులు అడుగిడిన కథలలో అది యొకటి. నలువదియైదేండ్లకు మరల అమెరికనులు దిగరాగా, వారికొరకు వేచియున్నవి తుపాకులు కావు, పూలు.

దిగుటకు ముందు అస్వస్థులుగా నున్న ఇరువదిమంది నుండి నమూనాలు తీసి ప్నాంపెన్‌లోని పాశ్చర్ సంస్థకు పంపిరి. రోగము లేదని తేలెను. 14వ తేదీ ఉదయమున వంతెన దింపిరి. అప్పటి ప్రధానమంత్రి హున్ సేన్ స్వయముగా రేవునకు వచ్చి, ముఖమునకు ముసుగైన లేకుండ, దిగినవారి చేతులు పట్టుకొని, కౌగిలించుకొని, గులాబీ లిచ్చెను. 'క్రమా' యను గళ్ల కండువాలను వారి మెడలలో వేసిరి. పొలములో చెమట తుడుచుకొనుటకు, బిడ్డను ఉయ్యాల కట్టుటకు, తలకు చుట్టుకొనుటకు కంబోడియా రైతు వాడుకొను కండువా యది. మన పల్లెలలో తువ్వాలునకు ఎన్ని ఉపయోగములో దానికిని అన్ని. ప్రయాణికులలో కొందరు నేల ముట్టుకొని చూచిరి. కొందరు బస్సు కిటికీలనుండి చేతులూపిరి.

తమ విమానముల వంతు వచ్చునంతవరకు కొందరికి రేవున కొంత పొద్దు చిక్కినది. వారు సముద్రపుటొడ్డున ఇసుకపై నడచిరి. ఊరిలో భోజనము చేసిరి. చూచుటకు ఆ ఊరు అంత అందమైనది కాదు. కొన్నేండ్లలోనే లేచిన జూదశాలలు, సగము కట్టి వదలిన కట్టడములు, గుంతలు పడిన వీధులు, దుమ్ము. 2019 జూన్‌లో కట్టుచున్న మేడ యొకటి కూలి 28 మంది మరణించిన ఊరది. వారు చూడగోరి వచ్చినది జపాను దేవాలయములను. చూచినది సగము కట్టిన మేడలను. కాని వారిలో ఒక్కరును ఊరు బాగులేదని పెదవి విరువలేదు. నేల కదలకుండ కాళ్లక్రింద నిలిచియుండుటయే ఆనాటి దర్శనీయ స్థలము.

ఈ ఆదరణ అచ్చమైన దయయేనా? కాదని చెప్పినవారు ఆనాడే కలరు. చైనాకు సన్నిహితుడైన హున్ సేన్ రోగభయము వట్టిదని చూపదలచెను. విమానముల రాకపోకలు ఆపలేదు. ఆ నెల 5వ తేదీన స్వయముగా బీజింగు పోయివచ్చెను. ఓడను రమ్మన్న నాడే, అనగా 12వ తేదీననే, మానవహక్కుల విషయమై ఐరోపా సమాజము కంబోడియాకు కొన్ని వర్తకపు రాయితీలను ఉపసంహరించుకొనుటకు నిశ్చయించెను. అట్టివేళ లోకపు మెప్పు కొంత అవసరమే. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ దేశమును మెచ్చుకొనెను కూడ. అయినను ఎండలో దాహముతో పడియున్నవానికి నీరు పోసినవాని మనసులో ఏమున్నదో త్రాగువాడు విచారింపడు. నీరు ముందు, విచారణ తరువాత.

విచారణ మరునాడే వచ్చినది. 15వ తేదీన మలేషియానుండి వార్త. సిహనూక్‌విల్‌లో దిగి కౌలాలంపూరు చేరిన 83 ఏండ్ల అమెరికను వృద్ధురాలికి కోవిడ్ ఉన్నట్లు పరీక్షలో తేలినదని. అప్పటికి వందలమంది విమానములెక్కి తలకొక దిక్కునకు పోయిరి. పూల దండలు ఒక్క పూటలో నిందలుగా మారినవి. గులాబీ లిచ్చిన చేతులే రోగమును లోకమునకు పంచినవని పత్రికలు వ్రాసెను. ప్నాంపెన్ హోటలులో మిగిలిన నాలుగువందల పైచిలుకు మందికి విమానములు దొరకలేదు. ఓడలో మిగిలినవారికి దిగుట నిలిచిపోయినది. గదులలో కూర్చున్నవారికి విసుగు కలుగకుండ, హోటలువారిని కొందరిని బస్సులలో ఎక్కించి పట్టణము చూపించిరి. రాజభవనపు బంగరు కప్పులు చూచుచు తిరిగిన ఆ బస్సులను కొందరు మర్యాద యనిరి, కొందరు తెగింపు యనిరి.

ఆ వారమంతయు పరీక్షలు జరిగెను. ప్నాంపెన్‌లోను, ఓడలోను మిగిలిన ప్రయాణికు లందరిని, ఓడలోని 747 మంది సిబ్బందిని పరీక్షించిరి. ఒక్కరికిని రోగము లేదు. కౌలాలంపూరులోని వృద్ధురాలికి తరువాత చేసిన పరీక్షలలో రోగము కానరాలేదు. ఆమె భర్తకు మొదటినుండియు లేదు. ఓడ దిగిన ఆ జనమువలన లోకమున ఎచ్చటను రోగము వ్యాపించినట్లు తేలలేదు.

కంబోడియా తీసికొన్నది పెద్ద జూదమని, గెలిచినదని చెప్పవచ్చును. గెలిచినంతమాత్రమున జూదము వివేకము కాదు. ఆ ఓడలో నిజముగా రోగమే యుండినచో, ఆ గులాబీల కథను లోకము వేరొక గొంతుతో చెప్పుకొనియుండును. కాని ఎవరును తలుపు తీయకుండినచో ఏమయ్యెడిది? యొకొహామా ఓడలో మూసిన గదుల నడుమ రోగము పెరిగిన తీరు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పినది. ఓడలోనే ఉంచుట రక్ష కాదు. గట్టుమీద, జాగ్రత్తగా, వేరువేరుగా ఉంచుటకు చోటు చూపుటయే రక్ష.

రెండు ధర్మములు

ఈ తగవు నేటిది కాదు. ఆడ్రియాటికు సముద్రతీరమున రగూసా అను నగరము, నేటి దుబ్రొవ్నిక్, 1377లో ఒక శాసనము చేసెను. మహమ్మారి యున్న ప్రదేశములనుండి వచ్చినవారు ఊరిలోనికి రాక, ముందు ఎదుటి దీవిలోనో, పొరుగు గ్రామములోనో ముప్పది దినములు గడపవలెనని దాని యాజ్ఞ. తరువాత ఆ ముప్పది నలువదియైనది. ఇటాలియను భాషలో నలువదికి గల మాటనుండియే క్వారంటైను అను పదము పుట్టినది. ఇది ద్వారపాలకుని ధర్మము. కాని గమనింపదగిన దొకటి: రగూసా ఓడను పొమ్మనలేదు. ఉండుటకు చోటు చూపి, కాలము గడువు పెట్టినది. గడువు తీరిన పిదప తలుపు తెరచునని మాట యిచ్చినది.

రెండవ ధర్మము తెలుగు నేలమీదనే రాతిపై చెక్కియున్నది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి నాడు తూర్పుతీరమున పేరుమోసిన రేవు. అక్కడి వీరభద్రాలయపు మండపస్తంభము మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనమును వ్రాయించెను. అంతకుముందు రాజులు, గాలివానకు చిక్కి దారితప్పి తమ తీరమున కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతయు బలవంతముగా లాగుకొనుచుండెడివారు. గణపతిదేవుడు ఆ వాడుకను మాన్పెను. ప్రాణములకు తెగించి సముద్రమున పయనించి వచ్చినవారినుండి నియమితమైన సుంకము దక్క మరేమియు తీసికొనమని దేశదేశముల వర్తకులకు మాట యిచ్చెను. ఆ సుంకము ముప్పదింట నొక వంతు. నూరేండ్ల పైబడిన పిదప, 1358లో, రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే ఊరిలో వర్తకులకు మరల అభయ మిచ్చి, సంస్కృతము, తెలుగు, తమిళములలో చెక్కించెను. ఇది గృహస్థుని ధర్మము.

మోటుపల్లి ప్రభువును కేవలము దయాళువనుట సరికాదు. భయము లేని రేవునకు ఓడలు వచ్చును. ఓడలు వచ్చిన చోట సుంకము పండును. ఆ లెక్క ఆయనకు తెలియును. హున్ సేనునకు తన లెక్క ఉన్నట్లే, గణపతిదేవునకును తన లెక్క ఉండెను. అయినను ఆ శాసనములో నిలిచినది లెక్క కాదు, మాట. తలంపకయే తన తీరమునకు వచ్చిపడినవానిని దోచుకొనరాదు, త్రోసివేయరాదు అను మాట. రగూసా శాసనములో నిలిచినది గడువు. ఈ రెండును కూడినప్పుడే రేవు రేవగును. మాట లేని గడువు చెరసాల. గడువు లేని మాట జూదము. కీలుంగ్‌వారు ఓడ వెడలిన పిదప పడిన శ్రమలో కొంత, సిహనూక్‌విల్‌వారు తీసిన తలుపులో కొంత కలిపినచో 2020 ఫిబ్రవరిలో ఆ సముద్రమునకు కావలసిన రేవు ఏర్పడియుండెడిది.

మార్చి నడిమికి ప్రపంచమందలి విహారనౌకలు దాదాపు అన్నియు యాత్రలు మానుకొనెను. సముద్రమధ్యమున నున్న నౌకలు ఊరూర అడుగుకొనుచు ఇండ్లు చేరెను. తరువాత కొంతకాలమునకు రేవుపగళ్లు ఒక్కటొక్కటిగా తిరిగివచ్చినవి. నేడు కీలుంగ్‌లో మరల ఓడలు నిలుచుచున్నవి; కొండవీధులలో తేనీరు పొగలు చిమ్ముచున్నది.

వెస్టర్‌డామ్ ప్రయాణికులు ఇండ్లకు పోయి, తమ మనుమలకు ఆ కండువాలను చూపి కథ చెప్పుకొనియుందురు. ఆ కథలో ఆరు రేవులు, ఒక పూట ఇసుక, గులాబీ ఉండును. ప్రయాణికులు దిగుచున్నంతసేపు వారి పెట్టెలు మోసి, వంతెన మొదట నిలిచి నమస్కరించిన సిబ్బంది మాత్రము ఆ పూట దిగలేదు. వారికి పరీక్షలే వచ్చినవి గాని గులాబీలు రాలేదు. రేలింగు నానుకొని, గేటు ప్రక్కనున్న అంగళ్లవైపు చూచుచు, వారు ఓడలోనే యుండిరి. రేవు తలుపు ఎవరికి తెరువవలెనని మరియొకనాడు పెద్దలు కూర్చుండి ఆలోచించునప్పుడు, వారు మొట్టమొదట జ్ఞప్తికి రావలసినవారు.